గంజి చీరలకి పట్టిన పొగ

మా ఆయన రిటైరైన మూడో నెలలో, ఆటోనగర్ నుంచి ట్రాలీ ఆటోలో ఒక ఇనప డ్రమ్ము వచ్చి భవానీపురంలో మా ఇంటి ముందు దిగింది. నూనె డ్రమ్ముని అడ్డంగా పడుకోబెట్టి, పొట్ట కోసి, ఆ కోసిన ముక్కనే మూతగా బిగించి, కింద నాలుగు కాళ్ళు అతికించారు. ఒక చివర పొగగొట్టం, ఇంకో చివర నిప్పు పెట్టుకోవడానికి చిన్న పెట్టె. మూత మీద లోపలి వేడి ఎంతుందో చూపించే ముల్లు.

"ఏవండీ, ఇదేంటి?" అన్నాను.

"స్మోకర్," అన్నారు, కొత్త కోడలిని పరిచయం చేస్తున్నంత మురిపెంగా. "మంట తగలకుండా, ఉట్టి పొగ మీద మాంసం వండుతుంది."

"ఇంట్లో గ్యాసు అయిపోయిందని మీకెవరు చెప్పారు?" అన్నాను. ఆయన నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఆయన ఉద్యోగమంతా ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో, బాయిలర్ దగ్గర. తొంభైల్లో ఎప్పుడో పని మీద వచ్చిన ఒక విదేశీ ఇంజనీరు గెస్ట్‌హౌస్ వెనకాల ఇలాంటి డ్రమ్ములోనే మేక తొడ వండి అందరికీ పెట్టాడట. ఆ రుచిని ఈయన పదేళ్ళు మనసులో దాచుకున్నారు. ముప్ఫై ఏళ్ళు నా చేతి కోడికూర తిన్న మనిషి, దాని గురించి ఒక్కనాడు కూడా అంత మాట అనలేదు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా వాళ్ళంటారు. ఇలాంటి మనిషితో కాపురం చేస్తే ఇంకెక్కడుంటుంది?

నా కోపానికి అసలు కారణం కూర కాదు. మా ముందుగదిలో నేను చేనేత చీరలు అమ్మేదాన్ని. మా పుట్టింటి వాళ్ళు నేతపనివాళ్ళు. రెండు వారాలకోసారి మా అన్నయ్య చీరల మూటతో బస్సు దిగేవాడు. మూటలో నలిగిన చీరల్ని నేను ఒకరోజు పెరట్లో దండెం మీద ఆరేసి, గాలి తగిలాక మడతపెట్టి బీరువాలో సర్దేదాన్ని. కొత్త నూలు చీర కొనే ఆడవాళ్ళు ముందు అంచు పట్టుకుని నలిపి చూస్తారు, తర్వాత ముక్కు దగ్గర పెట్టుకుంటారు. తాజా గంజి వాసన వస్తే సగం బేరం అయిపోయినట్టే. గంజి బట్టకి ఉన్న జబ్బు ఏంటంటే, చుట్టుపక్కల ఏ వాసన ఉన్నా లాగేసుకుంటుంది. అగ్గిపెట్టెంత గదిలో పదిహేనేళ్ళుగా నేను నిలబెట్టుకున్న పేరుకి, ఆ డ్రమ్ము నేరుగా ఎసరు పెట్టడానికి వచ్చిందని మొదటిరోజే నాకు తెలుసు.

"చీరలు ఆరేసిన రోజు ముట్టించనులే," అన్నారు. ఆ మాట వరకు నిలబెట్టుకున్నారు. మిగతా రోజులు మాత్రం నావి కావు.

మొదటి ఆదివారం పక్కింటివాళ్ళు కొట్టేసిన వేపకొమ్మలు పెట్టారు. ఐదు గంటల తర్వాత బయటికొచ్చిన కోడి కాకరకాయకి పెద్దన్నలా ఉంది. వీధికుక్క కూడా వాసన చూసి పక్కకి తప్పుకుంది. రెండో ఆదివారం గాలి ఎక్కువ వదిలారు. బాయిలర్ దగ్గర నల్లపొగ వస్తే బొగ్గు వృథా అయినట్టట, అందుకని ఇక్కడా పొగ కనిపించకుండా భగభగ మండించారు. పొగలో వండాల్సిన యంత్రానికి పొగ లేకుండా చేసిన ఘనుడు మా ఆయన ఒక్కరే అయి ఉంటారు. కోడి పైన బొగ్గు, లోపల నెత్తురు. ఆ తర్వాత కట్టెల అడితికి వెళ్ళి మామిడి చెక్కలు ఏరుకొచ్చారు. ఒక నోటుపుస్తకం పెట్టారు. అరగంటకోసారి లేచి ముల్లు చూసి అంకె రాసేవారు. "మీ తర్వాతి షిఫ్టు ఎవరు?" అని అడిగితే వినపడనట్టు పేజీ తిప్పేవారు.

నేను తలుపులేసేదాన్ని, కిటికీలేసేదాన్ని, గుమ్మం కింద తడిగుడ్డ కుక్కేదాన్ని. సాయంత్రం చీరల మధ్య కూర్చుని ఒక్కోటి తీసి వాసన చూసేదాన్ని. మగ్గం గుంట పక్కన పెరిగిన ముక్కు నాది. ఏ చీర ఎన్నాళ్ళ క్రితం మగ్గం దిగిందో చూడకుండా చెప్పగలను. పొగ జాడ తగిలితే ఆ చీర మళ్ళీ గాలికి వేసి, ఆయన వినేలా గిన్నెలు ఎత్తి పడేసేదాన్ని.

నాలుగైదు నెలలు గడిచాక గిన్నెలు ఎత్తి పడేయడం తగ్గింది. నిజం చెప్పాలంటే కోడి కూడా కాస్త కోడిలా వస్తోంది. ఒకసారి కొరమీను పెడితే నేనే రెండో ముక్క వేసుకున్నాను. అది ఆయన చూశారని ఇప్పటికీ ఒళ్ళుమంట. గుమ్మం కింద తడిగుడ్డ పెట్టడం మానేశాను. పొగ తగ్గిందనుకున్నాను.

శ్రావణం వచ్చింది. మా ఇంట్లో ఆ నెల నీచు ముట్టం. "ముక్క పెడితే మీకూ నాకూ పడదు," అన్నాను. "పెట్టను," అన్నారు. పెట్టలేదు కూడా. కానీ ఆ చేతులు ఊరుకుంటాయా? వానకి తడవకుండా డ్రమ్ముని పెరటి రేకుల వసారాలోకి లాక్కొచ్చి, ఖాళీ డ్రమ్ముకి మామిడి చెక్కలు పెట్టి, ముల్లుని నాలుగు గంటలు ఒకే అంకె మీద నిలబెట్టడం సాధన చేయడం మొదలుపెట్టారు. ఆ బుధవారం అన్నయ్య మూట తెచ్చాడు. బయట ముసురు. వసారాలోనే ఆ చివర దండెం కట్టి చీరలు ఆరేశాను. చీరలున్నాయి, ఆపనా అని ఆయన అడిగారు. అవును, అడిగారు.

"ఉట్టి కట్టెపొగే కదా, కానివ్వండి," అన్నాను. లోపల కోడి లేదు, చేప లేదు. సాంబ్రాణి పొగ వేసినట్టే అనుకున్నాను. సాయంత్రం ఒక్కో చీరా ముక్కుకి ఆనించుకున్నాను. గంజి వాసన తప్ప ఇంకేమీ రాలేదు. మడతలు పెట్టేశాను.

రెండు వీధుల అవతల ఒక టీచరు గారు ఉండేవారు. వాళ్ళింట్లో ఉల్లిపాయ కూడా రోజు చూసుకుని తరుగుతారు. ప్రతి శ్రావణానికీ అమ్మవారి ముందు పెట్టే చీర నా దగ్గరే. ఆవిడ ఎప్పుడూ అంచు నలిపి చూడలేదు, వాసన చూడలేదు. "వదినగారూ, మీరే ఒకటి ఎంచి పంపండి," అని కబురు పెట్టేవారు. ఆ మాట కోసం నేను బీరువా అంతా దించేదాన్ని. ఆ ఏడు అరిటాకు రంగు ఒళ్ళు, ఎర్రంచు చీర కాగితంలో చుట్టి గురువారం నేనే ఇచ్చి వచ్చాను.

శనివారం పొద్దున ఆవిడ వచ్చారు. కూర్చోమంటే కూర్చోలేదు. చేతిలో అదే చీర. ఒక మూల పసుపు పెట్టి ఉంది. పదిహేనేళ్ళలో రంగు నచ్చక, అంచు నచ్చక వెనక్కొచ్చిన చీరలు చాలా ఉన్నాయి. పసుపు పెట్టాక వెనక్కొచ్చిన చీర ఒక్కటి లేదు. పసుపు పెట్టారంటే ఆ చీర ఇక వాళ్ళది.

"కలశం దగ్గర పెట్టాం వదినగారూ. పూజ మధ్యలో మా అత్తగారు ఏదో వాసన, ఏదో వాసన అంటున్నారు. మడత విప్పాక తెలిసింది. కోడి కాల్చిన వాసన. ఆవిడ పీట మీంచి లేచిపోయారు."

"కోడా! శ్రావణంలో మా ఇంట్లో..." అంటూ చీర లాక్కుని మొహానికి అదుముకున్నాను. గట్టిగా పీల్చాను. గంజి. పసుపు. ఇంకో మడత విప్పి పీల్చాను. మళ్ళీ గంజే.

ఆవిడ నన్నే చూస్తున్నారు. "మీకు తెలియట్లేదా?" అన్నారు. ఆ గొంతులో కోపం లేదు, జాలి ఉంది. కోప్పడి ఉంటే నేనూ నాలుగు అనేదాన్ని. "డబ్బులేం వద్దండీ. ఇంట్లో ఉంచుకోలేం, అంతే," అని వెళ్ళిపోయారు.

నేను చీర పట్టుకుని పెరట్లోకి వెళ్ళి డ్రమ్ము మూత ఎత్తాను. అడుగున ఆరు నెలల కొవ్వు, తారులాగా గడ్డకట్టి ఉంది. కోడి పెట్టకపోతేనేం, పాత కోళ్ళన్నీ అందులోనే ఉన్నాయి. బుధవారం నాలుగు గంటలు అవే మళ్ళీ కాలి, ఆ పొగంతా నా దండెం మీదికి వచ్చింది. మూత అక్కడే నేలకేసి కొట్టాను.

"అంత నిప్పు పిచ్చి ఉంటే కాటికాపరి పనికి పొండి. నా పొట్ట కొట్టడం ఎందుకు?" అని అరిచాను. వీధంతా విన్నది. విననీ అనుకున్నాను.

ఆయన చీర తీసుకుని వాసన చూశారు. ఆయనకీ ఏమీ రాలేదని మొహం చూస్తే తెలిసింది. చీర మడతపెట్టారు. తర్వాత అన్నారు: "డ్యూటీ నుంచి వస్తే నన్నెప్పుడన్నా వీధి గుమ్మంలోంచి రానిచ్చావా? చీరలకి బొగ్గు వాసన పడుతుందని సందులోంచి ఇటు తోలేదానివి. ఇక్కడే స్నానం, ఇక్కడే కాఫీ. ఆ వాసన నాకెప్పుడూ రాలేదే. నువ్వంటున్నావు కదా, ఉండే ఉంటుందనుకున్నా."

నేను ఇంకా గట్టిగా అరిచాను.

మర్నాడు ఆయన పాత ఇనప సామాన్ల బండిని పిలిచి డ్రమ్ముని ఎక్కించేశారు. నేను పంపమనలేదు, వద్దనీ అనలేదు. ఆ మూటలో చీరలన్నీ ఉతికి ఇంట్లో కట్టుకున్నాను. ఉతికిన చీర కొత్తదని చెప్పి అమ్మే రకాన్ని కాను. బీరువా ఖాళీ చేసి, సున్నం వేయించి, అన్నయ్యతో కొత్త మూట తెప్పించాను. వాడు అన్నీ వాసన చూసి, బాగానే ఉన్నాయే అన్నాడు. వాడి మాట నమ్మాలనే అనుకున్నాను.

పది రోజుల తర్వాత గుణదల నుంచి ఒక తల్లీకూతుళ్ళు వచ్చారు. అమ్మాయి పెళ్ళిలో చుట్టాలకి పెట్టే పెట్టుబడి చీరలు పన్నెండు కావాలన్నారు. చాప మీద చీరలు పరిచాను. రంగులు నచ్చాయి, అంచులు నచ్చాయి, పక్కకి తీసిన చీరలు అప్పుడే ఏడయ్యాయి. తల్లి ఎనిమిదోది తీసుకుని అంచు నలిపి, అందరిలాగే ముక్కు దగ్గర పెట్టుకుంది. బేరం కుదిరిందీ లేనిదీ కళ్ళల్లో తెలుస్తుంది, నేను ఆవిడ కళ్ళు చూడాలి. ముక్కుపుటాలే చూస్తున్నాను. ఈ చీర గురించి నాకంటే ఆవిడకే ఎక్కువ తెలుసనిపించింది.

"ఏమన్నా వాసన వస్తోందా అండీ?" అన్నాను.

ఆవిడ నావంక చూసింది. చీరని ఇంకోసారి ముక్కుకి ఆనించింది. కూతురి చేతికిచ్చింది. ఆ పిల్లా చూసింది. ఇద్దరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పక్కకి తీసిన ఏడు చీరలూ, ఆ ఎనిమిదోదీ కలిపి మెల్లగా నా వైపు జరిపేసింది తల్లి.

"మళ్ళీ వస్తామండీ," అంది. మళ్ళీ వచ్చేవాళ్ళు ఆ మాట అనరని నాకు పదిహేనేళ్ళుగా తెలుసు.