ఎల్ల అమావాస్య నాడు మొరాయించిన బండి

జహీరాబాద్‌కు బదిలీ నేనే అడిగి తెచ్చుకున్నాను. భార్య పోయాక, తెలిసినవాళ్ళెవరూ లేని ఊరైతే పరామర్శించేవాళ్ళూ ఉండరని నా లెక్క. ఆ లెక్క ఎంత బాగా కుదిరిందంటే, ఆదివారాలు నాతో మాట్లాడేది ప్రెషర్ కుక్కరు ఒక్కటే. అదీ మూడు మాటలకు మించి మాట్లాడదు.

అలాంటి నన్ను, పని మీద మా ఆఫీసుకు వచ్చిపోయే న్యాల్‌కల్ రైతు ఒకాయన ఎల్ల అమావాస్యకు తన చేనుకు భోజనానికి పిలిచాడు. ఆ రోజు ఈ వైపు వంటిళ్ళన్నీ పొలాలకు తరలిపోతాయి. సజ్జ రొట్టెలు, కూరగాయలూ ఆకుకూరలూ కలిపి ఉడికించిన బజ్జికూర, అంబలి. చుట్టాలూ స్నేహితులూ చేలోనే బంతిగా కూర్చుని తింటారు. ఆ బంతిలో నాకూ ఒక చోటు! పెళ్ళిచూపులకు కూడా అంత శ్రద్ధగా గడ్డం గీసుకోలేదు. చొక్కా ఇస్త్రీ మడతతో టమాటాలు తరగొచ్చు.

బండెక్కి బటన్ నొక్కాను. ఉలుకూ పలుకూ లేదు. కిక్కు కొట్టాను. కొట్టీ కొట్టీ కుడికాలు ఎడమకాలికన్నా జానెడు పొడుగు సాగింది గానీ, బండి దగ్గనైనా దగ్గలేదు.

మెకానిక్‌కు ఫోన్ చేశాను.

"కాకా, ఇయ్యాల అమాస. పానా ముడితె మా అమ్మ ఇంట్లకు రానియ్యది. రేపు పొద్దుగాల తీస్కరా."

"రేపటికి బజ్జి ఉంటుందా?"

"బండికి బజ్జెందుకు కాకా?" అని పెట్టేశాడు.

ఇక డాక్టర్‌నీ నేనే, నర్సునీ నేనే. హారన్ కొట్టాను. వీధి కుక్కలు కర్ణాటక సరిహద్దు దాటిపోయేంత గట్టిగా మోగింది. అంటే బ్యాటరీ బాగానే ఉంది. ఫ్యూజూ బాగానే ఉంది. ప్లగ్గు విప్పి ఇంజనుకు ఆనించి కిక్కు కొడితే నిప్పురవ్వ లేదు. స్టార్టరూ తిరగదు, ప్లగ్గూ మండదు. రెండూ కూడబలుక్కుని ఒకే రోజు చావవు కదా! రెండింటికీ కరెంటు హ్యాండిల్ మీది ఎర్ర స్విచ్చు గుండానే పోతుంది. పాత ఇండికేటర్ బల్బుకు రెండు తీగలు కట్టి, ఆ దారి వెంట పరీక్ష చేసుకుంటూ వెళ్ళాను.

మధ్యలో రైతు ఫోను. "ఏడున్నరు సార్? పిల్లలు ఆకలంటున్రు."

బండి సగం నేల మీద ఉంది. "బయల్దేరాను. చిరాగ్‌పల్లి దాటాను" అన్నాను దర్జాగా.

"చిరాగ్‌పల్లెందుకు వోయిన్రు సార్? మా ఊరు గటు కాదు గద!"

"మీరు తినండి, వచ్చేస్తున్నా" అని గబగబా పెట్టేశాను.

హెడ్‌లైటు వెనకాల తీగలు కలిసే ప్లాస్టిక్ జోడు దగ్గర, ఇవతల బల్బు వెలిగింది, అవతల వెలగలేదు. జోడు ఊడదీశాను. లోపల రాగి పళ్ళు పచ్చగా చిలుం పట్టాయి. పైన చూద్దును కదా, పోయిన అమావాస్యకు నేను కట్టిన నిమ్మకాయ, మిరపకాయల దండ! నిమ్మరసం బొట్టుబొట్టుగా అందులోకే కారింది.

దిష్టి దండ కట్టడం మా ఆవిడ పని. ప్రతి అమావాస్యకూ కట్టేది. ఎక్కడ కట్టేదో నేనెప్పుడూ తల వంచి చూడలేదు. ఆవిడ పోయాక మానేయబుద్ధి కాక, చేతికందిన చోట నేనే వేలాడదీస్తున్నాను. అసలు దిష్టి తగలాలంటే ముందు ఎవరో ఒకరు మనవైపు చూడాలి. ఈ ఊళ్ళో ఆ ప్రమాదం నాకు లేదు.

బ్లేడుతో పళ్ళు గీకి, పాత బ్రష్‌తో తోమి, జోడు బిగించి బటన్ నొక్కాను. బండి ఏనుగులా ఘీంకరించింది.

చేను చేరేసరికి పొద్దు వాలింది. ట్రాక్టరు ట్రాలీలో గిన్నెలూ చాపలూ పిల్లలూ ఎక్కేశారు. రైతు దిగి ఎదురొచ్చాడు.

"శానా సేపు జూసినం సార్. సలికి పిల్లలు ఏడుస్తున్రు. జర ఆగుతం, కూసోని తినున్రి."

అంతమందిని చలిలో నిలబెట్టి నేనొక్కణ్ణే నమలడమా? "మీరు పదండి, నెమ్మదిగా తిని వెళ్తా" అన్నాను. ట్రాలీలోంచి వాళ్ళమ్మ రొట్టెలూ బజ్జీ కట్టిన మూట అందించింది. "ఇంటిదాన్ని గిట్ల తోల్కరావొద్దా బిడ్డా?"

"ఈసారికి నేనే వచ్చానమ్మా" అన్నాను.

ట్రాక్టరు కదిలాక రైతు అరిచాడు. "బండి బందు జెయ్యిన్రి సార్! పెట్రోలు అయిపోతది!"

సరేనని చెయ్యి ఊపాను. బంతి లేచిపోయిన చోట జొన్న కాడలు ఇంకా అణిగే ఉన్నాయి. అక్కడ కూర్చుని మూట విప్పాను. బజ్జి చల్లారింది, అయినా బాగుంది. బండి మాత్రం ఆపలేదు. జోడు బాగానే బిగించాను, ఆపినా మళ్ళీ స్టార్టవుతుందని తెలుసు. అయినా నేను తింటున్నంతసేపూ దాన్ని అలా మాట్లాడనిచ్చాను.