‘దిగేను’ అన్నదెవరు

దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే ఈ సంగతి తెలిసిన ప్రతివాళ్లూ కళ్లు పెద్దవి చేసుకుని, "మళ్లీ ఎప్పుడైనా వినిపించిందా అండీ?" అని అడుగుతారు. అలా అడిగినవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండిపోతుంది. మా నాన్న ఎలా పోయాడని మాత్రం ఒక్కరూ అడగరు. అందుకే రెండూ కలిపి రాస్తున్నాను. దయ్యం కోసం చదివేవాళ్లు మా నాన్న గురించి కూడా చదవక తప్పదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నేను ఏలూరులో ఒక లోకల్ కేబుల్ టీవీలో చదివేదాన్ని. సాయంత్రం పూట ‘చరిత్రలో ఈరోజు’ అని ఒక కార్యక్రమం ఉండేది. ఆ తేదీన ఏ దేశంలో ఏ రాజు గద్దె ఎక్కాడు, ఏ శాస్త్రవేత్త పుట్టాడు, ఏ ఓడ మొదటిసారి నీళ్లలోకి దిగింది, ఇవన్నీ పాత పేపర్లలోంచి, పోటీ పరీక్షల పుస్తకాల్లోంచి ఏరి నేనే రాసుకునేదాన్ని. చివర్లో మన ఊళ్ల పుట్టినరోజులు. కేకు ముందు నిలబెట్టిన పిల్లల ఫొటోలు, నిండు నూరేళ్లూ వర్ధిల్లాలని కోరుకునే మేనమామల పేర్లు. రాజుల్నీ ఓడల్నీ ఎవరూ పట్టించుకునేవారు కాదు. జనం టీవీ పెట్టేది ఆ చివరి ముక్క కోసమే.

ఆ కేబుల్ నడిపే శేషగిరి గారిది తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల వ్యాపారం చేసే కుటుంబం. మెత్తగా మాట్లాడతారు కానీ తెలుగు మీద పట్టింపు ఎక్కువ. మాది కైకలూరు దాటాక కొల్లేరు ఒడ్డున ఊరు. మా ఇంట్లో ‘వచ్చేను, చేసేను, దిగేను’ అంటాం. నేను చేరిన నెలలోనే ఆయన అవన్నీ ‘వచ్చాను, చేశాను, దిగాను’ అని మార్పించారు. ఒక్కటి జారినా మొదటినుంచి రికార్డు చేయించేవారు. కొన్నాళ్లకి ఇంట్లో కూడా అలాగే మాట్లాడటం అలవాటైపోయింది. "మా అమ్మాయి టీవీ అయిపోయింది" అని నాన్న ఆటపట్టించేవాడు.

నాన్న పేరు ఏసుపాదం. ఒక పెద్ద ఆసామి చేపల చెరువు మీద కాపలా ఉండేవాడు. ఆయన పుట్టినరోజు ఆయనకే తెలియదు. చిన్నప్పుడు బడిలో మేష్టారు ఒక వరుసలో కూర్చున్న పిల్లలందరికీ ఒకే తేదీ వేసేశారట. "మా వరుసంతా కవల పిల్లలమే" అని నవ్వేవాడు. నేను చదివే పుట్టినరోజులు మాత్రం కాఫీ కొట్టు దగ్గర నిలబడి మరీ వినేవాడు. మా చర్చిలో సంఘ పెద్ద. చుక్క ముట్టని మనిషి.

ఆయన పోయిన తేదీ ఇక్కడ రాయను. రాస్తే ఆసామి ఎవరో మా వైపువాళ్లకి తెలిసిపోతుంది, ఎందుకంటే అది ఆసామి పుట్టినరోజు. ఆ ఏడు ఎండాకాలం చెరువు గట్టు మీదే పందిరి వేసి భోజనాలు పెట్టారు. ఆ చెరువులో పట్టిన చేపలే వండారు. పొద్దు వాలుతుండగా మాకు కబురొచ్చింది, ఏసుపాదం తాగి నీళ్లలో పడ్డాడని.

మేము వెళ్లేసరికి గట్టు మీద పడుకోబెట్టి ఉన్నాడు. ఇప్పుడే బయటికి తీశామని చెప్పారు. నాన్న లుంగీ పొడిగా ఉంది. చేత్తో పట్టుకుని చూసింది నేనే. ఇప్పుడే తీసిన మనిషి బట్టలు ఇంతలోనే ఎలా ఆరాయని అడిగితే, ఎండలు అలా ఉన్నాయి కదమ్మా అన్నాడు వాళ్ల గుమస్తా. ఆ జవాబు తలుచుకుంటే ఇప్పటికీ నాకు పళ్లు బిగుసుకుంటాయి.

కేసు వద్దని పెద్దమనుషులు చెప్పారు. మేము ఇద్దరు ఆడవాళ్లం, ఊళ్లో సగం మంది బతుకు ఆ చెరువుల మీదే. అది సరే. నేను క్షమించలేనిది చర్చిలో జరిగింది. సమాధి దగ్గర పాస్టరు గారు ప్రార్థన చేస్తూ, మన సహోదరుని బలహీనతను క్షమించమని దేవుణ్ణి అడిగారు. బలహీనత అంటే ఏమిటో అందరికీ అర్థమైంది. తరవాతి ఆదివారం నుంచి అమ్మ ముందు చాపల మీద కూర్చోవడం మానేసింది. గుమ్మం దగ్గర, చెప్పులు విడిచేచోట కూర్చునేది. ఆసామి నుంచి అమ్మ ఏమీ కోరుకోలేదు. నాన్న తాగలేదని ఆ చర్చిలో ఎవరైనా పైకి అంటే చాలు అనేది.

ఏడాది తిరిగింది. అదే తేదీ. చదవాల్సిన పుట్టినరోజుల్లో ఆసామిది మొదటిది, ఫొటోతో సహా. ఇది నేను చదవలేను, ఈ ఒక్కరోజుకి ఇంకెవరిచేతైనా చదివించండి అని శేషగిరి గారిని అడిగాను. కారణం ఆయనకి తెలుసు. మైకు ముందు మనం ఎవరికీ ఏమీ కామమ్మా అన్నారు. నా జీతం మీదే ఇల్లు నడుస్తోంది. పొద్దున్నే కూర్చుని చదివాను. ఒక ఓడ మొదటిసారి నీళ్లలోకి దిగిన రోజని, ఒక గణిత శాస్త్రవేత్త పుట్టిన రోజని, తరవాత ఆసామి నిండు నూరేళ్లూ వర్ధిల్లాలని. గొంతు ఎక్కడా తొణకలేదు. కెమెరా చూసే వెంకట్ ఒక్క టేకులో అయిపోయిందని మెచ్చుకున్నాడు కూడా.

అక్కడినుంచి బస్సెక్కి ఊరెళ్లాను. ఆ సాయంత్రం నాన్న జ్ఞాపకార్థ కూడిక. వాకిట్లో చిన్న షామియానా, కొద్దిమంది చుట్టాలు. నేను గ్లాసుల్లో మంచినీళ్లు పోస్తుంటే పక్కింట్లో టీవీ పెట్టారు. మా లైన్ అక్కడిదాకా ఉండేది. నా గొంతు గోడ దాటి వినిపించింది. అమ్మ ఆ శుభాకాంక్షలు వింటే ఎలా అని జగ్గు అక్కడే పడేసి టీవీ ఆపించడానికి పరిగెత్తాను.

పక్కింటి గుమ్మంలోకి వెళ్లేసరికి తెర మీద ఆసామి ఫొటో ఉంది. నా గొంతు చదువుతోంది. రోజూ చదివే తీరులోనే, తొందర లేకుండా చదువుతోంది.

"ఈ రోజున ఒక ఓడ మొదటిసారి నీళ్లలోకి దిగింది. ఈ రోజున మోటారు నోటికి గుర్రపుడెక్క చుట్టుకుంది. కరెంటు లేదు. ఫ్యూజులు తీసేనన్నాడు. దిగేను. కరెంటొచ్చింది. షెడ్డులో టార్పాలిన్ కింద పడుకోబెట్టేరు. భోజనాలయ్యేదాకా ఇంటికి చెప్పలేదు. నిండు నూరేళ్లూ వర్ధిల్లాలని కోరుకుంటూ..."

ఆ తరవాత ఎవరో పిల్లవాడి ఫొటో వచ్చింది. మామూలుగా కార్యక్రమం అయిపోయింది. పక్కింటావిడ నా మొహంలోకి చూసింది. వెనక్కి తిరిగితే కూడికకి వచ్చినవాళ్లందరూ లేచి నిలబడి ఉన్నారు. అమ్మ ఒక్కతే కూర్చుని ఉంది.

నేను అవి చదవలేదు. ఎలా చదువుతాను? ఫ్యూజుల సంగతి నాకు తెలియదు. షెడ్డు సంగతీ తెలియదు. పొడి లుంగీ ఒక్కటే నాకు తెలుసు.

మర్నాడు ఆఫీసుకి వెళ్లేసరికి ఆసామి మనుషులు వచ్చి వెళ్లిపోయారు. శేషగిరి గారు నన్ను నిలబెట్టి అడిగిన మొదటి మాట వింటే మీరు నమ్మరు. "‘దిగేను’ ఏంటమ్మా, ఎన్నిసార్లు చెప్పాను?" అన్నారు. ఒక మనిషి ఎలా చచ్చాడో ఊరూరా వినిపిస్తే ఆయన చెవికి తగిలింది ఉచ్చారణ. ఆ క్షణంలో బల్ల మీదున్న మైకు ఎత్తి ఆయన నెత్తిన కొట్టాలనిపించింది. ఆయన టీవీలో వినలేదు, ఎవరో ఫోన్ చేసి ఒప్పజెప్పారట.

అందరం కూర్చుని టేపు వేసి చూశాం. అందులో శుభాకాంక్షలే ఉన్నాయి. మళ్లీ మళ్లీ వేసి చూసినా అవే. ప్రసారం అవుతున్నప్పుడు వెంకట్ ఆఫీసులో టీవీ ముందే ఉన్నాడు. తనకీ శుభాకాంక్షలే వినిపించాయన్నాడు. ఏలూరులో చూసినవాళ్లందరిదీ అదే మాట. వేరుగా విన్నది కొల్లేరు వైపు ఊళ్లవాళ్లు మాత్రమే. మధ్యలో ఎవరైనా లైను కోసి వేరే టేపు కలిపారేమోనని మనుషుల్ని పంపించి స్తంభం స్తంభం చూశారు. ఎక్కడా కొత్త అతుకు లేదు. ఒకవేళ కలిపారే అనుకుందాం, నా గొంతు ఎక్కడినుంచి తెస్తారు?

నేను టేపు మార్చానని తేల్చేశారు. ఎలా మార్చానో ఎవరికీ అక్కర్లేదు. ఉద్యోగం పోయింది. క్షమాపణ చెబుతున్నామని తెర కింద కొన్నాళ్లు అక్షరాలు పరిగెత్తాయి. నా పేరుతో సహా.

ఊళ్లో ఇంకో రకం. ఫ్యూజుల గురించి, షెడ్డు గురించి ఆరా తీసినవాళ్లు లేరు. దయ్యం ఆడగొంతుతో మాట్లాడిందా, మగగొంతుతో మాట్లాడిందా అని వాదించుకున్నారు. నేను ‘దిగారు’ అని చదివితే వీళ్లకి తప్పుగా వినిపించిందని కొందరన్నారు. పాస్టరు గారు సాతాను రకరకాల గొంతులతో వస్తాడని ఒక ఆదివారమంతా ప్రసంగం చేశారు. నేను మధ్యలో లేచి బయటికి వచ్చేశాను.

ఒకరోజు అన్నం తింటూ అమ్మ నిదానంగా అంది. "ఆ మాట నీది కాదమ్మా. టీవీలో చేరేక నువ్వు ‘దిగేను’ అనడం నేను ఎప్పుడూ వినలేదు. అదీగాక నువ్వు చెప్తే నాన్న దిగేడంటావు గానీ దిగేనంటావా?"

నాకు అప్పటిదాకా అది తట్టలేదు. ‘దిగేను’ అనే మాటలో ఆడా లేదు, మగా లేదు. నా గొంతులో వచ్చింది కాబట్టి ఆ ‘నేను’ నేనే అనుకున్నాను.

ఆ నెలలోనే సుందరం మా ఇంటికి వచ్చాడు. నాన్నతో పాటు ఆ చెరువు మీద వలలు లాగేవాడు, మా చర్చివాడే. ఫ్యూజుల సంగతి మీకు ఎవరు చెప్పారని అమ్మని అడిగాడు. ఎవరూ చెప్పలేదంది అమ్మ. అతను తల వంచుకుని, "ఫ్యూజులు తీసేనని గుమస్తా అన్నప్పుడు గట్టు మీద మేం ముగ్గురమే ఉన్నామండి" అన్నాడు. గుమస్తా తియ్యలేదట. తీశాననుకున్నాడో, ఊరికే అన్నాడో సుందరానికి తెలియదు. కరెంటు వచ్చాక నాన్నని బయటికి లాగింది అతనే. అతిథులు వచ్చే వేళ అని షెడ్డులోకి మోయించారు. నోరెత్తితే పని ఉండదన్నారు.

ఇది చర్చిలో చెప్తావా అని అడిగాను. చెప్పలేనన్నాడు. పిల్లలున్నారండి అన్నాడు. అయితే మాకెందుకు చెప్పావు, ఈ బరువు కూడా మేమే మొయ్యాలా అని నేను అరిచాను. అమ్మ నన్ను ఆపి అతనికి మంచినీళ్లు ఇచ్చింది.

తరవాత కొన్నేళ్లకి కొల్లేరులో చెరువుల గట్లు కొట్టేసినప్పుడు ఆ గట్టూ పోయింది. షెడ్డు లేదు, మోటారు లేదు. వెళ్లి చూపించడానికి ఏమీ మిగల్లేదు. ఆసామి ఇంకోచోట చెరువులు తీసుకున్నాడు. పుట్టినరోజులు ఆగలేదు.

గట్లు కొట్టేసిన మరుసటి వేసవిలో, నాన్న పోయిన నెల మొదటి ఆదివారం మా చర్చిలో జరిగింది చెప్పి ముగిస్తాను. మొదటి ఆదివారం ఆ నెలలో పుట్టినరోజులున్నవాళ్లు ముందుకు వెళితే పాస్టరు గారు ప్రార్థన చేస్తారు. కొత్త గౌన్లు వేసుకున్న పిల్లలు వరుసగా నిలబడ్డారు. గుమ్మం దగ్గర నుంచి అమ్మ లేచింది. చాపల మధ్య నుంచి నడిచి వెళ్లి ఆ పిల్లల పక్కన నిలబడింది. మీ పుట్టినరోజా అమ్మా అని పాస్టరు గారు అడిగారు.

"నాది కాదండి. మా ఆయనకి పుట్టినరోజు తెలీదండి. పోయినరోజే తెలుసు. సాక్ష్యం చెప్పుకుంటానండి," అంది అమ్మ. ఆయన మైకు ఇవ్వలేదు. అమ్మ మైకు కోసం ఆగలేదు.

"ఆయన తాగలేదండి. ఫ్యూజులు తీసేమని చెప్తే దిగేరండి."

మా చర్చిలో సాక్ష్యం చెప్పాక అందరూ ఆమెన్ అనాలి. ఎవరూ అనలేదు. నాకు ఆ కూర్చున్న వీపులన్నిటి మీదా ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. అప్పుడు మగవాళ్ల వైపు నుంచి ఎవరో లేచి నిలబడి ఆమెన్ అన్నారు. తల తిప్పి చూస్తే సుందరం. ఇంకోసారి గట్టిగా, ఆమెన్, నేను చూసేనండి అన్నాడు.

ఆ ఆదివారం అమ్మ మళ్లీ గుమ్మం దగ్గరికి రాలేదు. ముందు చాప మీదే కూర్చుంది.

టీవీలో మాట్లాడింది ఎవరో, ఎలాగో నాకు తెలియదు. ఇన్నేళ్లలో ఎంత ఆలోచించినా జవాబు దొరకలేదు. దయ్యాలున్నాయని మాత్రం ఒప్పుకోను. చర్చిలో అమ్మ ‘దిగేరు’ అనే అంది, నేను జాగ్రత్తగా విన్నాను. ఆ సాయంత్రం పక్కింటి గుమ్మంలో నిలబడి విన్నది కూడా అంత జాగ్రత్తగానే విన్నాను. అది ‘దిగేను’.