కమాన్లు మార్చిన జీపులో జేజి ప్రయాణం

పోయిన నెల మా జేజి, అంటే మా నాయనమ్మ, కంటి ఆపరేషన్‌కని పుట్టపర్తికి బయల్దేరి, ఊరి ముందరి వంక కూడా దాటలేదు. వంక మధ్యలో ఉన్న రాతిగుండు మా జీపు అడుగున తగిలి, ఇంజిన్ కింది చాంబరు పగిలి, ఆయిలంతా ఇసుకపాలైంది. ఆ కుదుపుకు నడుము పట్టేసిన జేజి, "ఒక కన్నుకే వస్తా. రెండోదానికి మాత్రం ఈ దావన నన్ను పిలవొద్దండి" అని తేల్చేసింది. ఆసుపత్రిలో కొత్త తేదీ వచ్చేలోపు జీపు ఎత్తు పెంచాల్సిందేనని అన్న పట్టుబట్టాడు.

జీపును చక్రాల మీద మోసే ఇనుప పట్టీల స్ప్రింగులు, అవే ఎత్తు కమాన్ కట్టలు, నేనుండే అనంతపురంలోనే దొరికాయి. నాలుగింటినీ గోనెసంచుల్లో కట్టించి పొద్దున ఆరున్నరకు కదిరి బస్సెక్కాను. లగేజీ టికెట్ కొట్టిన కండక్టర్ ఒక సంచి జరపబోయి వదిలేశాడు.

"ఏమన్నా, జీపునంతా విప్పుకోని పోతాండావా?"

"సగమే" అన్నాను.

ముదిగుబ్బ దాకా రెండు పక్కలా ఎండిన శనక్కాయ చేలే. పక్క సీటులోని గొర్రెల కాపరి నా సంచుల మీద కాళ్లు పెట్టుకొని హాయిగా నిద్రపోయాడు.

తొమ్మిదిన్నరకు కదిరి. అన్న ముందే జీపును తెచ్చి షెడ్డులో పెట్టాడు. మెకానిక్ మస్తాన్ చదునుగా సాగిపోయిన పాత కమాన్లు తీసి, బాగా వంపున్న కొత్తవి ఎక్కించి, పొడుగు బోల్టులు బిగించాడు. చూడముచ్చటైన పని. మధ్యాహ్నం రెండింటికి జీపు నేల మీదికి దిగితే బెత్తెడు ఎత్తు పెరిగి ఉంది.

"కొంచెం తిరిగినాక మళ్లా రండన్నా, బోల్టులు ఇంగోసారి బిగియాల" అన్నాడు. కమాన్లు మార్పించుకునేవాళ్లు ఈ మాట మరవకండి.

ఆ సాయంత్రం వంకలో అన్నా నేనూ ఊపిరి బిగబట్టుకున్నాం. గుండు మా కిందనుంచి చప్పుడు లేకుండా వెళ్లిపోయింది. జీపుకు దండం పెట్టాలనిపించింది.

తెల్లవారి జేజి కాలెత్తితే జీపు మెట్టు అందలేదు. గుండును కొలుచుకున్నాం గానీ జేజిని కొలుచుకోలేదు. మేం దిక్కులు చూస్తుంటే ఆమే విసుక్కుంది.

"అరుగుకు ఆనించి నిలపండప్పా. ఎద్దులబండి నేను ఎట్ల ఎక్కుతాంటిని?"

అరుగు మీదనుంచి మహారాణిలా సీట్లోకి అడుగుపెట్టింది. ఆమె తెలివికి మురిసిపోయాను. పుట్టపర్తిలో మాత్రం ఇద్దరం ఎత్తి దింపాం.

మరుసటి రోజు ఒక కంటికి కట్టుతో తిరుగు ప్రయాణం. కదిరిలో ఆగి బోల్టులు బిగింపించుకొని, పొద్దు వాలే వేళకు ఊరి దగ్గరికొచ్చాం. జేజి ముందరి కమ్మీని రెండు చేతులా గట్టిగా పట్టుకొని కూర్చుంది.

"వంక ఇంకా యాడుండాదిరా?"

"ఎనక ఉండాది జేజీ. దాటినాం" అన్నాడు అన్న.

ఆమె మెల్లగా కమ్మీ వదిలి, చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"అట్లయితే రెండో కన్నుకు ఎప్పుడు పోదాం?"