ఒక్క అబద్ధమూ ఆడని మామ

నా చిన్నప్పుడు, తొమ్మిదేళ్ల వయసులో, నన్నెవరూ మోసం చేయలేరని నాకు గట్టి నమ్మకం. రజాకార్ల భయం తీరిన మరుసటి ఏడు అది. సూర్యాపేటలో మా వాడకట్టున దసరా ముందు బాగోతం ఆడారు. మంత్రి మాటలు నమ్మి రాజు ఏ పాపమెరుగని రాణిని చంపుకునే కథ. ఆడవాళ్లందరూ మంత్రికి శాపనార్థాలు పెట్టి, రాణి నుదుటిరాత అంటూ కళ్లు తుడుచుకున్నారు. నేను మాత్రం రాజు ఒట్టి మొద్దన్నాను. నేనైతే ఆ అబద్ధాలు నమ్మేదాన్ని కాదని మా మేనమామతో వాదించాను.

మామ కోదాడలో బడిపంతులు. దేవుడి మీదా తలరాత మీదా అందరితో వాదాలు పెట్టుకునే మనిషి, పండగకు మా ఇంటికి వచ్చాడు. నా మాటకు నవ్వి ఊరుకున్నాడు.

సద్దుల బతుకమ్మ నాడు పొద్దున్నే నేనూ పక్కింటి పిల్లా చెలకల్లోకి పోయి గునుగు పూలు కోసుకొచ్చాం. ఒకే గిన్నెలో గులాబీ రంగు కలిపి, పూలు ముంచి, చెరిసగం పంచుకున్నాం. నా బుట్ట మీద తడిబట్ట కప్పి, అరుగు మీద పెట్టి స్నానానికి వెళ్లాను. వచ్చేసరికి బుట్ట లేదు.

అరుగు మీద మామ కూర్చుని ఉన్నాడు. ఎవరైనా వచ్చారా అని అడిగాను. పక్కింటి పిల్ల గౌరమ్మను చేయడానికి పసుపు కావాలని వచ్చి పోయిందన్నాడు. అది నిజమే. కాసేపాగి, "పోనీలే బిడ్డా. పండగపూట ఆ పిల్లనేమనకు," అన్నాడు. ఎందుకని గుచ్చి గుచ్చి అడిగితే మాట మింగేశాడు. చివరికి, ఆ పిల్ల బతుకమ్మను ఏ రంగు పూలతో పేరుస్తున్నదో చూశావా అని మాత్రం అడిగాడు.

నేను పరుగెత్తాను. వాళ్ల వాకిట్లో ఆ పిల్ల ముందు గులాబీ రంగు బతుకమ్మ సగం పేర్చి ఉంది. ఆ రంగు ఇద్దరం కలిసి కలిపిందేనని, నా వేళ్లకు ఇంకా అది అంటుకునే ఉందని ఆ క్షణాన నాకు తోచనే లేదు. దొంగదానా అంటూ కాలితో తన్నాను. పూలు పేర్చిన తాంబాళం బోర్లా పడింది. పూలను తొక్కాను. వాళ్లమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. బతుకమ్మను తొక్కిన పిల్లను ఆమె అంతకుముందు చూసి ఉండదు.

వెనకే మామ వచ్చాడు. చేతిలో నా బుట్ట.

"నేను దాచిన బిడ్డా. ఒక్క అబద్ధం ఆడకుండ ఎట్ల నమ్మిస్తరో నీకు చూపియ్యాలనుకున్న. గింత పని చేస్తవనుకోలే."

పూలలో దేవత లేదని వాదించే ఆ మనిషి నేల మీద కూర్చుని, నలిగిన పూలు ఏరడం మొదలుపెట్టాడు. నేను నా బుట్టంతా ఆ పిల్ల ముందు పెట్టాను. ఆమె దాన్ని ముట్టలేదు, ఏడవలేదు.

"నన్నొక్క మాట అడగకపోతివి," అన్నది.

ఆ సాయంత్రం ఆటకు ఆమె రాలేదు.

ఆ బాగోతంలాంటి కథల్లో కుట్రదారుకు ఏదో మహిమ ఉందన్నట్టు మాట్లాడేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మహిమా లేదు, మాయా లేదు. అతడు సగం మాట అని ఆగిపోతాడు. మిగతా సగం మన గర్వమే పూర్తి చేస్తుంది. మంచివాడైన మా మామే ఒక్క పూటలో ఆ పని చేయగలిగాడు! ఇందులో తలరాత ఎక్కడుంది? రాజు రాణిని ఒక్క ప్రశ్న అడగలేదు.

ఎవరి గురించైనా చెడు నా చెవిన పడితే, ఈనాటికీ చెప్పులేసుకుని నేరుగా ఆ మనిషి ఇంటికే పోతాను. ఇది నువ్వు చేశావా అని అడుగుతాను. మొరటు మనిషినని పేరొచ్చింది. రానీ. అడిగినందుకు వచ్చే కోపం నాలుగు రోజుల్లో పోతుంది. ఆ పిల్ల మాత్రం మళ్లీ ఏ బతుకమ్మకూ నాతో పూలకు రాలేదు.