చెరువు చూసొచ్చిన గొంగడి

మొన్న భోపాల్ పోయొచ్చినం. అక్కడి పెద్ద చెరువును మేం చూసిన దానికంటే మా మామ గొంగడి ఎక్కువ చూసింది. నన్ను నవ్వులపాలు చేసింది కూడా అదే. ఎట్లనో చెప్త, చాయ్ చల్లారక ముందే అయిపోతది.

సిద్దిపేట పాత బస్టాండు కాడ నాది జిరాక్స్ షాపు. పోయే ముందు నెలరోజులు, షాపుకొచ్చినోళ్లందరికీ భోపాల్ ముచ్చట చెప్పిన. ఆధార్ కాపీ అడిగినోనికి కూడా ఆ చెరువు ఎంత పెద్దగుంటదో చెప్పి గాని కాపీ ఇయ్యలే. ఎదురుంగ చాయ్ హోటల్ రాజేశానికైతే రోజుకు రెండుసార్లు చెప్పిన. చలికాలం టూర్ గదా, ఆన్‌లైన్ల ఒక నీలం జాకెట్ తెప్పించిన. గాలి కొట్టిన ట్యూబు లెక్క ఉబ్బి ఉంటది. ఏసుకొని అద్దంల చూసుకుంటే నాకు నేనే నమస్తే పెట్టాలనిపించింది.

పోయింది ముగ్గురం. నేను, నా భార్య సుజాత, ఆమె బాపు మల్లేశం మామ. మామది మిరుదొడ్డి దిక్కు, జన్మంతా గొర్లు కాసిండు. ఆయన సామానంటే ఒక చేతిసంచి, భుజం మీద నల్ల గొంగడి, అంతే. ఆ గొంగడికి ఉన్ని వడికింది మామను కన్న అవ్వ. ఆమె పోయి ఇరవై ఏండ్లాయె, గొంగడి మాత్రం ఉన్నది. అందుకే సుజాత రైలెక్కక ముందే నాకు ఒక్క పని అప్పజెప్పింది.

"బాపు గొంగడి పైలం. ఇంకేం పోగొట్టినా నేనేమన."

నా బాధ వేరే. గొంగడి కప్పుకున్న మనిషి పక్కన నిలవడి ఫోటో దిగితే, చూసినోళ్లు భోపాల్ అనుకోరు. మా దిక్కు గొంగళ్లు కప్పుకొని పోయే కొమురవెల్లి మల్లన్న జాతర అనుకుంటరు. గొంగడి రూముల పెట్టి రమ్మని మామకు మెల్లగ చెప్పి చూసిన. ఆయన నా జాకెట్‌ను రెండు వేళ్లతోటి ఒత్తి చూసి, దీంట్ల ఏం నింపిన్రని అడిగిండు. పాలిస్టర్ అని చెప్పిన. అయ్యో పాపం అన్నట్టు తలకాయ ఊపి, గొంగడి ఇంకింత దగ్గరికి కప్పుకున్నడు.

చెరువు కాడికి పోయేసరికి పొద్దు పొడిచినా మంచు ఇడువలే. అవతలి ఒడ్డు అసలే కనవడ్తలేదు. మామ ఓ నిమిషం చూసి, మన సిద్దిపేట కోమటి చెరువు కూడా బాగనే ఉంటదని తేల్చేసిండు. బోటు కోసం మస్తు మంది లైన్ల నిలవడ్డరు. గంతల ఒక బోటు వచ్చి ఒడ్డుకు ఆనుతున్నది. లోపల ఖాళీ. కిటికీలు తెరిచే ఉన్నయి.

ఇగ నా చెయ్యి ఆగుతదా? కరీంనగర్ బస్సు బస్టాండుల మలుగక ముందే కిటికీలకెళ్లి దస్తీ ఏసి సీటు ఆపిన చెయ్యి ఇది. దస్తీ లేని రోజు చెప్పు ఏసి కూడా ఆపిన. జేబుల దస్తీ కోసం చూస్తే జాకెట్ జేబు జిప్పు ఇరికి ఎంతకూ రాలే. పక్కనే మామ భుజం మీద గొంగడి. గుంజిన, ఇసిరిన. సక్కగ పోయి కిటికీ పక్క సీటు మీద పడ్డది. ముగ్గురికి సరిపోయేంత జాగ ఆపింది. ఫోటోలకెళ్లి గొంగడి తప్పుకున్నదన్న సంబురం దానికి అదనం. మామ దిక్కు తిరిగి, కిటికీ సీటు దొరికిందని చెప్పిన.

బోటు మా కోసం ఆగలే. ఒడ్డున ఉన్న ఒకాయనను ఎక్కించుకొని, అట్లనే మలుపుకొని మంచులకు పోయింది.

కౌంటర్ల ఉన్నాయనను అడిగితే, అది సవారీ బోటు కాదట. ఇంజిన్ సప్పుడు తేడాగ వస్తుందని అవతలి ఒడ్డుకు రిపేరుకు తీస్కపోతున్నరట. రేపు పొద్దుగాల గాని రాదట. నాకొచ్చిన ఉర్దూల, అందుల మా సీటు ఉన్నదని చెప్పిన. రిపేరుకు పోయే బోటుల సీటు ఎందుకు ఆపినవని అడిగిండు.

మామ బోటు కనవడకుండ పోయేదాక అట్లనే చూసుకుంట నిలవడ్డడు.

"మా అవ్వ ఎన్నడు పడవెక్కలే," అన్నడు ఆఖరుకు.

పలుచటి అంగీల మామ, మీదికెళ్లి చెరువు గాలి. సుజాత చూపు తిరిగి తిరిగి నా జాకెట్ మీద ఆగింది. నేను ఇప్పి ఇచ్చిన. మామకు కుట్టించినట్టే సరిపోయింది. ఆ రోజు బోటెక్కుడు, మ్యూజియం, బజారు అన్నీ చూసినం. ఫోటోలల్ల మామ నీలం జాకెట్ల మెరుస్తుండు. పక్కన నేను సుజాత శాలువ కప్పుకొని ఉన్న. గులాబి పూల శాలువ.

తెల్లారి అందరికంటె ముందుగాల పోయి ఒడ్డు మీద నిలవడ్డం. గొంగడి పోయిందంటే నేను సిద్దిపేట దాక నడిచిపోయుడే నయమనిపించింది. బోటు వచ్చింది. గొంగడి కూడా వచ్చింది, డ్రైవర్ మీద. తల మీదికెళ్లి కప్పుకొని హాయిగున్నడు. ఇయ్యనీకె ఆయనకు మనసొస్తలేదు. ఇసొంటిది ఎక్కడ దొరుకుతదని మూడుసార్లు అడిగిండు. మామ గొంగడి తీసుకొని, ముక్కు కాడ పెట్టుకొని చూసి, మెల్లగ మడతవెట్టిండు.

నేను జాకెట్ కోసం చెయ్యి చాపిన. ఆ చేతుల గొంగడి పెట్టిండు.

"వణుకుతున్నవు అల్లుడా, నువ్వు కప్పుకో. గీదాంట్లనైతే జేబులున్నయి," అని రెండు చేతులు జాకెట్ జేబులల్ల పెట్టుకొని ముందుకు నడిచిండు. నాకు రాని జిప్పు ఆయనకు ఎట్ల వచ్చిందో ఇప్పటికీ తెల్వదు.

నిజం చెప్పాలె. ఆ రైల్ల పండినంత ఎచ్చగ నేను ఎన్నడు పండలే.

సిద్దిపేట పాత బస్టాండుల దిగినం. ముందట మామ, నీలం జాకెట్, చేతులు జేబులల్ల. ఎనుక నేను, గొంగడి కప్పుకొని, రెండు బ్యాగులు మోసుకుంట. చాయ్ హోటల్ రాజేశం మా మామను ఎరుగడు. రండ్రి సార్ అని కుర్చీ ఏసి చాయ్ ఇచ్చిండు. నన్ను మాత్రం కిందికెళ్లి మీది దాక చూసిండు.

"నెల సంది భోపాల్, భోపాల్ అని మా చెవులు తిన్నవు. పోయింది కొమురవెల్లికా? ప్రసాదమన్న పెట్టు."

అయిపోయిందని చెప్పిన.