ఒకరికొకరు మాటిచ్చుకున్న క్యాంపు

మా సారు పోయారని నాకు ఇక్కడ బహ్రెయిన్‌లో, అద్లియాలో ఉండగా తెలిసింది. సెలవు మీద ఊరికి పోయి వచ్చినతను నేను పనిచేసే హోటల్ ముందు ఆగి, "మీ అస్కర్ క్యాంపు సారు గుండె ఆగి పోయిండట గదా" అన్నాడు, నాకు ముందే తెలుసన్నట్టు. అతను వెళ్ళిపోయాక కూడా చేతిలో ప్లేట్లతో అక్కడే నిలబడిపోయాను.

సారు మా జిల్లాలో ఒక ప్రైవేటు బడిలో సోషల్ చెప్పేవారు. బడి మూతపడితే, అందరిలాగే దుబాయి పోతున్నానని చెప్పి బహ్రెయిన్ వచ్చారు. అస్కర్‌లో మా కాంట్రాక్టరు స్టోరులో సామాన్ అందించే పని ఆయనది. నాది పరంజా కట్టే పని. అక్కడి లేబర్ క్యాంపులో ఒకే గదిలో ఉండేవాళ్ళం. మాట్లాడుతూ మాట్లాడుతూ వేళ్ళు దులుపుకునేవారు, ఇంకా సుద్దపొడి అంటుకుని ఉన్నట్టు. ప్రశ్న అడిగారంటే జవాబు వచ్చేదాకా మన మొహమే చూస్తూ కూర్చునేవారు.

ఆ ఎండాకాలం నీళ్ళ ట్యాంకరు సరిగ్గా రావడం మానేసింది. వచ్చిన రోజు క్యాంపు బాసు తనకు నచ్చిన గదులకు ముందు పట్టించేవాడు. మిగిలినవాళ్ళం బకెట్లతో కొట్టుకునేవాళ్ళం. ఒక శుక్రవారం మా గదిలో ఒకడి తల పగిలింది. రక్తం తుడుస్తూ సారు అడిగారు:

"కొట్టినోడెవడు?"

"పక్క గదోడు."

"నీళ్ళు ఆపినోడు?"

ఆయన మా మొహాలు చూస్తూ కూర్చున్నారు.

ఆ మధ్యాహ్నం మెస్ షెడ్డు నీడలో అన్ని గదులవాళ్ళనీ కూర్చోబెట్టారు. "వెనకట యూరప్‌ల పట్నాలు దొరల చేతుల ఉండేటియి. పన్ను వాళ్ళదే, తీర్పు వాళ్ళదే" అని మొదలుపెట్టారు.

"అక్కడ గూడ దొరలుండిరా సారూ?" అన్నాడొకడు. అంత కోపంలోనూ నవ్వాం.

"ఉండిరి. నేతగాళ్ళు, కమ్మరోళ్ళు, దుకాణాలోళ్ళు ఒక్కతాన జమైన్రు. దొరకు కాదు, ఒకరికొకరు ప్రమాణం చేసుకున్నరు. పెద్దలను వాళ్ళే ఎన్నుకున్నరు. పారిపోయి వచ్చిన వెట్టోడు ఆ గోడల లోపల ఏడాది నిలబడితే, చానా పట్నాలల్ల దొర మళ్ళ గుంజుకపోయేటందుకు లేదు."

ఒకరికొకరం నిలబడతామని ఎవరి దేవుడి మీద వాళ్ళం ప్రమాణం చేశాం. గదికొక మనిషిని ఎన్నుకున్నాం. పెద్దరికం నెలకొకరికి మారాలన్నాం. నీళ్ళకు వంతు పెట్టుకున్నాం. కొట్లాటలు ఆగాయి.

అంతలో తుబ్లీలో మా కాంట్రాక్టరుదే ఒక వర్క్‌షాపు మూసేసి, అక్కడివాళ్ళను మా క్యాంపులో దించారు. పరుపులు నెత్తిన పెట్టుకుని ఎండలో గేటు దగ్గర నిలబడ్డారు. మావాళ్ళు కొందరు ఇనుప పైపులు పట్టుకుని కుళాయికి అడ్డంగా నిలబడ్డారు. ముందున్నది శ్రీకాకుళం మేస్త్రి, తన గది ఎన్నుకున్న మనిషే.

"మనకే చాలట్లేదు సారూ. ఆళ్ళ దారి ఆళ్ళు చూసుకోమనండి."

కొత్తవాళ్ళలో ఒకడు బకెట్‌తో అడుగు ముందుకు వేశాడు. మేస్త్రి పైపు ఎత్తాడు. సారు ఇద్దరి మధ్యకు వెళ్ళి నిలబడ్డారు.

"ఆ పట్నాల కథ నేను సగమే చెప్పిన మేస్త్రీ. తర్వాత ఏమైందో ఎరికేనా? పైసలున్న షావుకార్లే పెద్దలై కూసున్నరు. గోడ కట్టిన కూలోళ్ళకే మాట లేకుంట చేసిన్రు. దొర పోయిండు, దొరతనం పోలే. గిప్పుడు నువ్వు పట్టుకున్నది గదే."

మేస్త్రి కొత్తవాళ్ళ నెత్తిన ఉన్న పరుపుల వంక చూశాడు. చివరికి పైపు కింద పడేసి, "మొదట ఆళ్ళనే పట్టుకోమనండి" అని పక్కకు జరిగాడు. కొత్తవాళ్ళూ ప్రమాణం చేశారు.

మనుషులు పెరిగారు, ట్యాంకరు పెరగలేదు. ఒక పొద్దున ఎవ్వరమూ డ్యూటీ బస్సులెక్కలేదు. క్యాంపు బాసు "యల్లా, యల్లా" అని తొందరపెడుతూ అరిచి, అరిచి, "లీడర్ కౌన్ హై?" అన్నాడు. ఆ నెల వంతు సారుది. ఒక్కరే ముందుకు నడిచారు. "లీడర్ లేడు సాబ్. ఈ నెల జవాబు చెప్పే పని నాది" అని హిందీలో అన్నారు.

మధ్యాహ్నానికి ట్యాంకరు వచ్చింది. సాయంత్రానికి సారు వీసా రద్దయిందని కబురూ వచ్చింది. ఖలాస్.

మళ్ళీ పని ఆపుదామని మేస్త్రే ముందు లేచాడు. సారు వద్దన్నారు. "నా కోసం ఆపితే నన్ను దొరను చేసినట్టే. వచ్చే నెల వంతు నీది. జవాబు చెప్పు."

ఊరికి పోయాక మళ్ళీ పిల్లలకు పాఠాలు చెప్పుకున్నారట. నేను క్యాంపు వదిలి ఈ హోటల్‌కు వచ్చేదాకా అక్కడ నీళ్ళ కోసం ఎవరి తలా పగల్లేదు. అది ఆయన పెట్టిన భిక్షే.

పికప్ ఆయన్ను ఎయిర్‌పోర్టుకు తీసుకుపోయిన పొద్దున అందరం గేటు దగ్గర నిలబడ్డాం. బస్సులు హారన్లు కొడుతున్నా ఎవరూ ఎక్కలేదు. బండి మలుపు తిరిగాక ఇటు తిరిగి చూస్తే, ట్యాంకరు పైపు కారి ఇసుక తడిసిన చోట పిచ్చుకలు వాలి, ముక్కులు ముంచి తాగుతున్నాయి. అవి తాగడం అయ్యేదాకా వాటిని దాటుకుని బస్సుల వైపు పోవడానికి ఎవరికీ కాళ్ళు రాలేదు.