ఇసుక మీద రెండో గేరు

కారు సోమవారం మైలవరం వెళ్లిపోవాలి. అక్కడ మామిడి తోటలున్న ఒకాయన వచ్చి చూసి, నడిపి, తీసుకుంటానన్నాడు. మధ్యలో ఒక్క ఆదివారం మిగిలింది. ఆ రోజు నన్ను సముద్రం దాకా తీసుకెళ్లమని మరిదిని అడిగాను. నా భర్త పోయాక నేను నోరు తెరిచి అడిగింది అదొక్కటే. మరిది కాదనలేదు. అత్తమ్మ కూడా వస్తానంది.

అప్పటికి నా ఇద్దత్ ముగిసి కొద్ది రోజులే అయింది. భర్త పోయిన స్త్రీ మా ఇళ్లలో ఆ గడువు తీరేదాకా గడప దాటదు. అన్నాళ్లూ మా మూడో అంతస్తు కిటికీలోంచి కింద కవరు కప్పి ఉన్న మా ఆయన కారును చూస్తూ గడిపాను. తెలిసినవాళ్లు చదువుకోమని పుస్తకాలు తెచ్చిచ్చారు. దుఃఖాన్ని సముద్రంతోనో చీకటితోనో పోల్చిన పేజీలు వచ్చినప్పుడల్లా పుస్తకం మూసేసేదాన్ని. నాకు కనిపించేది కారే. టైర్లలో గాలి కొంచెం కొంచెంగా దిగిపోయి, అది నేలకు దగ్గరవుతూ వచ్చింది.

మా ఆయనకు ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల షాపు. ఆదివారం షాపు మూస్తే ఊళ్లో కాలు నిలిచేది కాదు. పొద్దున్నే బయల్దేరి కరకట్ట మీదుగా, అరటి తోటలూ పసుపు చేలూ దాటుకుని, అవనిగడ్డ, కోడూరు మీదుగా హంసలదీవికి వెళ్లేవాళ్లం. తారు రోడ్డు అయిపోయిన దగ్గర ఇసుక మొదలవుతుంది. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క దూరంగా సరుగుడు చెట్లు. కృష్ణ సముద్రంలో కలిసే చోటిదాకా ఇక ఇసుకే. దుబాయ్‌లో డ్రైవరుగా ఉన్న స్నేహితుడొకాయన ఎడారిలో బండ్లు నడిపే వీడియోలు ఆయనకు పంపుతుండేవాడు. అవి చూసి చూసి, మన జిల్లాకి ఎడారంటే ఇదేనని ఈయన అనేవారు.

ఇసుకలోకి దిగేముందు ఆయన నాలుగు టైర్ల దగ్గరా కూర్చుని సగం గాలి తీసేసేవారు. టైరు మెత్తబడి వెడల్పుగా పరుచుకుంటే ఇసుకలో కూరుకుపోదు. మళ్లీ రోడ్డెక్కాక డిక్కీలోంచి చిన్న పంపు తీసి, కారు బ్యాటరీ మీదే నడిపి, గాలి నింపేవారు. దాని చప్పుడంటే నాకు చిరాకు.

అక్కడ ఇంకొకటి కూడా జరిగేది. అది ఇంట్లో ఎవరికీ తెలీదు. ఆ ఇసుక మీద ఆయన నాకు డ్రైవింగ్ నేర్పేవారు. గుద్దడానికి ఎదురుగా ఏమీ లేదు కాబట్టి నాకు భయం ఉండేది కాదు. రెండో గేరు దాకా వచ్చాను. వచ్చే చలికాలం రోడ్డు మీద నేర్పుతానన్నారు. ఆ చలికాలం రాకముందే, ఒక మధ్యాహ్నం షాపులో కౌంటర్ దగ్గర కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారు.

మరిదికి అదే ఆటోనగర్‌లో వీల్ అలైన్‌మెంట్ షెడ్డు. బయల్దేరే ముందు టైర్లు రాయిలా గట్టిపడేదాకా గాలి కొట్టించాడు. దూరం వెళ్తున్నామంటే మా వాళ్లందరూ చేసే పని అది. మెత్తటి టైర్లతో ఊరు దాటితే ఆటోనగర్‌లో పరువు పోయినట్టే. కొనే ఆయనకు శుభ్రంగా అప్పగించాలని డిక్కీ కూడా ఖాళీ చేసి పెట్టాడు.

దారంతా వెనక సీట్లో అత్తమ్మ తస్బీ పూసలు తిప్పుకుంటూ కూర్చుంది. తారు రోడ్డు చివర నేను ఆపమన్నాను. అంతవరకు చాలనుకున్నాను. మరిది మాత్రం ఇసుకలో ట్రాక్టరు చక్రాల జాడ చూసి, అన్న లోపలిదాకా తీసుకెళ్లేవాడు కదా, నేనూ తీసుకెళ్తానన్నాడు. ముందు గాలి తీయాలని చెప్పాను. నవ్వాడు.

"భాభీ, పొద్దున లేస్తే నేను చూసేది టైర్లే. మీరు కూర్చోండి."

కొంత దూరం బాగానే వెళ్లింది. నీటి అంచున ఇసుక గట్టిగా కనిపిస్తే అటు తిప్పాడు. పైన పెచ్చు గట్టిదే, కింద బురద. ముందు చక్రాలు రెండూ ఒకేసారి దిగిపోయాయి. అతను ఎక్సలేటరు తొక్కాడు. చక్రాలు ఉన్నచోటే తిరిగి ఇంకా లోతుకు వెళ్లాయి. మళ్లీ తొక్కాడు. క్లచ్ కాలిన వాసన వచ్చింది.

అందరం దిగాం. చుట్టూ ఒక్క మనిషి లేడు. ఫోన్లలో సిగ్నల్ లేదు. అత్తమ్మ చాలాసేపు సముద్రం వంకే చూసి, నీళ్లు ఇటే వస్తున్నాయంది. నేనూ చూశాను. మేం వచ్చినప్పుడు పొడిగా ఉన్న ఒక ఎండు కొమ్మ అప్పటికే నీళ్లలో ఊగుతోంది.

మరిది చేతులతో ఇసుక తవ్వడం మొదలుపెట్టాడు. తవ్విన గుంటలో నీళ్లు ఊరుతున్నాయి. ఉప్పునీళ్లు ఇంజన్‌లోకి, వైరింగ్‌లోకి వెళ్తే ఇక ఈ బండి పని అయిపోయినట్టేనని, మైలవరం ఆయనే కాదు ఎవరూ దాన్ని ముట్టుకోరని తనలో తనే అంటున్నాడు. నాకు అమ్మకం సంగతే గుర్తుకు రాలేదు. కారు మునుగుతుందన్నదే తెలుస్తోంది. ఆయనవి మిగతా వస్తువులు బట్టలు, కళ్లజోడు, ఒక వాచీ. వాటిలో నేను కూర్చోలేను.

గాలి తీయమని మళ్లీ చెప్పాను.

"తీస్తే? పంపు ఇంట్లో ఉంది, నేనే తీసి పెట్టాను. ఆ టైర్లతో కోడూరు దాకా ఎలా పోతాం భాభీ?"

"ముందు ఇక్కణ్ణుంచి బయటపడదాం."

అతను తల్లి వైపు చూశాడు.

"మీ అన్న ఏం చేసేవాడో అదే చెయ్యి. పొద్దున్నుంచి నీ తెలివి చూస్తూనే ఉన్నా," అంది అత్తమ్మ.

అతను వంగి గాలి తీశాడు. కొంచెం తీసి ఆపబోతే ఇంకా అన్నాను. టైరుకి కింద పొట్ట వచ్చినట్టు కనిపించేదాకా తీయించాను. అన్నం తినేటప్పుడు వేసుకుందామని తెచ్చుకున్న చాపను, కారులోని మ్యాట్లను ముందు చక్రాల కింద దూర్చాం. అతను ఎక్కి స్టార్ట్ చేసి, అలవాటు కొద్దీ గట్టిగా తొక్కాడు. చాప వెనక్కి ఎగిరిపడింది. బండి కొంచెం ఊగి మళ్లీ అక్కడే కూర్చుంది. ఒక అల వచ్చి సముద్రం వైపు చక్రాన్ని తడిపి వెళ్లింది.

"నువ్వు దిగి వెనకనుంచి తొయ్యి. నేను నడుపుతాను," అన్నాను.

"మీకు రాదుగా?"

"ఇసుక మీద వచ్చు."

అతను దిగాడు. అత్తమ్మ నా వైపు చూసింది. వంగి చాప తీసుకుని, దులిపి, మళ్లీ చక్రం కింద పెట్టింది.

సీటు జరుపుకోవాల్సిన పని పడలేదు. ఆయన పొడుగు, అప్పుడైతే జరుపుకునేదాన్ని; మరిది నా అంతే ఉంటాడు. మొదటిసారి ఇంజన్ ఆగిపోయింది. ఇసుకలో మొదటి గేరు వేయొద్దని, చక్రం విసురుగా తిరిగి తవ్వుకుపోతుందని ఆయన చెప్పింది అప్పుడు గుర్తొచ్చింది. రెండో గేరు వేశాను. క్లచ్ మెల్లగా వదిలాను. వెనక మరిది ఆయాసం వినిపిస్తోంది. బండి వణికింది. ఒక చక్రం చాప ఎక్కినట్టు అనిపించింది, తర్వాత రెండోది. కదిలింది.

కదిలాక ఆపకూడదు. అదీ ఆయన చెప్పిందే. ఆపితే మళ్లీ దిగిపోతుంది. అందుకని వాళ్లిద్దరినీ అక్కడే వదిలేసి వెళ్లాను. నీటికి దూరంగా, స్టీరింగ్‌ని కొంచెం కొంచెంగా తిప్పుతూ, పొడి ఇసుకలోకి. అద్దంలోకి చూడలేదు. చేతులు తిమ్మిరెక్కేంత గట్టిగా పట్టుకున్నాను. ఆ దూరమంతా కారులో నేను ఒక్కదాన్నే. ఇంతకంటే దాని గురించి రాయడం నాకు రాదు.

తారు రోడ్డు అంచున ఆపేశాను. రోడ్డు మీద నాకు రాదు.

వాళ్లు నడిచి రావడానికి చాలాసేపు పట్టింది. అత్తమ్మ చీర కుచ్చిళ్లు మోకాళ్ల దాకా తడిసి ఉన్నాయి. చంకలో చాప చుట్ట ఉంది. కారు మీద చెయ్యి ఆనించి కాసేపు ఊపిరి తీసుకుంది.

"వాడు నేర్పాడా?"

"అవును అమ్మీ."

"నాకు చెప్పలేదు."

"మీరు కోప్పడతారని."

"కోప్పడేదాన్నే," అని వెనక తలుపు తీసుకుని ఎక్కి కూర్చుంది.

మరిది కోడూరు దాకా నడకంత నెమ్మదిగా పోనిచ్చాడు. సైకిళ్ల మీద వెళ్లేవాళ్లు మమ్మల్ని దాటుకుపోతూ మెత్తబడిన టైర్లను చూపించి చెబుతున్నారు. అతను అందరికీ తలూపాడు. ఊళ్లో పంక్చర్ షాపు ముందు ఆగేసరికి ఫోన్ మోగింది. మైలవరం ఆయన. రేపు ఎన్నింటికి రమ్మంటారని అడగడానికై ఉంటుంది. మరిది ఎత్తలేదు. ఒకసారి పేరు చూసి ఫోన్ నా చేతికిచ్చాడు. నేను వెనక్కి తిరిగాను.

"నన్ను చూస్తావేంటి? ఫోన్ నీ చేతిలో ఉంది," అంది అత్తమ్మ.

అమ్మడం లేదని, తిప్పించినందుకు ఏమీ అనుకోవద్దని ఆయనకు చెప్పాను. ఇంకెవరికైనా ఇచ్చారా అని అడిగాడు. లేదండీ, నేనే నేర్చుకుంటున్నాను అన్నాను. ఆయనకు అర్థమైందో లేదో, సరేనమ్మా అని పెట్టేశాడు. మరిది ఇదంతా విననట్టు చక్రాల్లో ఇరుక్కున్న చాప పీచు లాగుతూ కూర్చున్నాడు. అది అయ్యాక, మన షెడ్డు వెనక వీధి ఆదివారం ఖాళీగా ఉంటుందని, ఎవరితోనో అన్నట్టు అన్నాడు.

గాలి ఎంత కొట్టమంటారని షాపాయన అడిగాడు. గట్టిగా కొట్టమన్నాడు మరిది. ఇక ఇంటిదాకా రోడ్డే కాబట్టి నేనేమీ అనలేదు.